ఆదివారం నాటి ఉత్తరం



పెద్ద పెద్ద కంపెనీల అధిపతులు పొద్దున్నే ఎన్నింటికి లేస్తారు, ఏం తింటారు, ఏడాదికి ఎన్ని పుస్తకాలు చదువుతారు అనే ముచ్చట్లకు మన పత్రికల ఆదివారం అనుబంధాల్లో, వాట్సాప్ సందేశాల్లో కొదవ లేదు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి, చన్నీళ్ల స్నానం చేసి, ధ్యానానికి కూర్చునే మహానుభావుల కథలు చదివీ చదివీ, ఏడింటికి బద్ధకంగా లేచే మనబోటివాళ్లం ఇక దేనికీ కొరగామేమో అనిపిస్తుంది. ఈ రోజు నేను చెప్పబోయే మనిషి ఆ వరసలో ఇమడరు. ఇంట్లో బాత్‌రోబ్ మీదే ఆఫీసు పని కానిచ్చేస్తానని ఆయనే నవ్వుతూ ఒప్పుకున్నారు. ఆయన కింద వేలమంది ఉద్యోగులు లేరు. అమ్మడానికి సరుకూ లేదు. కానీ అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర తన ఇంట్లో కూర్చుని ఆదివారం మధ్యాహ్నం ఆయనొక ఉత్తరం రాస్తే, ప్రపంచంలో కొన్ని వేలమంది ఇంజనీర్లు తమ వచ్చే వారం పనిని దానికి తగ్గట్టు సర్దుకుంటారు. అప్పటికి మనకు అర్ధరాత్రి దాటి సోమవారం వచ్చేసి ఉంటుంది.

ఆయన పేరు లైనస్ టోర్వాల్డ్స్. లినక్స్ సృష్టికర్త.

లినక్స్ అంటే కంప్యూటర్ చదువుకున్నవాళ్ల వ్యవహారం, మనకెందుకులే అనుకోకండి. ఈ ప్రసంగాన్ని మీరు ఆండ్రాయిడ్ ఫోన్‌లో వింటున్నారనుకోండి, నా గొంతు ఆ ఫోన్ స్పీకరు దాకా చేరడంలో లినక్స్ చెయ్యి ఉంది. ఫోన్‌లో మనం వాడే యాప్‌లు ఒకవైపు, లోపలి చిప్పు, మెమరీ, స్పీకరు, కెమెరా ఇంకోవైపు. ఈ రెంటి మధ్యా నిలబడి ఎవరికి ఎప్పుడు ఏది ఇవ్వాలో తేల్చే ప్రోగ్రాము ఒకటుంటుంది. దాన్ని కెర్నల్ అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ కెర్నల్ లినక్స్‌దే. ప్రపంచంలోకెల్లా వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా ఒకటి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. 2017 నవంబరు నుంచి ఆ జాబితాలో ప్రతి యంత్రమూ లినక్స్ మీదే నడుస్తోంది. 2021లో అంగారకుడి మీద ఎగిరిన చిన్న హెలికాప్టర్ ఇంజెన్యుయిటీలో కూడా ఇదే.

లినక్స్ మొదలైన తీరు చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. లైనస్ ఫిన్‌లాండ్‌లో స్వీడిష్ మాట్లాడే కుటుంబంలో 1969 డిసెంబరు 28న పుట్టారు. అమ్మానాన్నలిద్దరూ పత్రికా రచయితలు. అమ్మ తరఫు తాతగారు హెల్సింకీ విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్ర ఆచార్యులు. ఆయన కొనుక్కున్న చిన్న కొమడోర్ కంప్యూటర్ మీదే మనవడికి ప్రోగ్రామింగ్ అబ్బింది. 1991 ఆగస్టు 25న, ఇరవై ఒక్కేళ్ల విద్యార్థిగా, తానొక ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుంటున్నానని ఇంటర్నెట్‌లో పదిమందికీ కబురు పెట్టాడు ఈ కుర్రాడు. ఇది సరదాకి చేస్తున్నదే తప్ప పెద్దదేమీ కాబోదని కూడా అందులో రాశాడు. అప్పటి మొదటి రూపంలో దాదాపు పదివేల వరసల కోడ్ ఉండేది. 2025 నాటికి అది నాలుగు కోట్ల వరసలు దాటింది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఆ మార్పుల్ని ఇంకొకరికి ఇస్తే కోడ్‌తో సహా ఇవ్వాలి అనే లైసెన్సు కింద 1992లోనే దాన్ని పెట్టేశారు. ఆయన చేసిన పనులన్నిటిలో ఈ నిర్ణయమే గొప్పదని నా లెక్క.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆయన ఇప్పుడు చేసే ఉద్యోగం ఏమిటి? రోజంతా కోడ్ రాస్తుంటారనుకుంటాం. కాదు. ఆయన పని ఉత్తరాలు, అంటే ఈమెయిళ్లు, చదవడం. ఆ మాట ఆయనే ఎన్నో సభల్లో చెప్పారు. తాను ఇప్పుడు ప్రోగ్రామర్‌ని కాననీ, చదవడం, జవాబివ్వడం, కలపడం, అన్నిటికన్నా ముఖ్యంగా కాదనడం తన పని అనీ.

దీని వెనక ఏర్పాటు చూడముచ్చటైనది. కెర్నల్ కొత్త వెర్షన్ తొమ్మిది పది వారాలకొకటి వస్తుంది. పాతది విడుదలైన మర్నాటి నుంచి రెండు వారాలపాటు తలుపు తెరుస్తారు. దానికి మెర్జ్ విండో అని పేరు. కొత్త సంగతులేవైనా ఆ పద్నాలుగు రోజుల్లోనే లోపలికి రావాలి. హైదరాబాదులో క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీల ఆఫీసులో కూర్చున్న ఇంజనీరు చిప్పుని నడిపించే డ్రైవరు అనే ప్రోగ్రాము రాస్తే అది నేరుగా లైనస్ దగ్గరికి పోదు. ముందు ఆ విభాగం చూసే మెయింటెయినర్ దగ్గరికి పోతుంది. ఆయన చూసి, ప్రశ్నలు వేసి, రెండు మూడుసార్లు తిప్పి పంపి, ఒప్పుకున్నాక పై విభాగానికి, అక్కణ్నుంచి లైనస్‌కి. వాగులు వంకలు కలిసి ఏర్లై, ఏర్లు గోదావరిలో కలిసినట్టు ఒక్కో వెర్షన్‌కి పదివేలకు మించిన మార్పులు చివరికి ఈ ఒక్క మనిషి ఇంటికి చేరతాయి. అన్నీ ఆయన వరస వరసా చదవరు, చదవడం మనిషన్నవాడికి సాధ్యమూ కాదు. ఏ మెయింటెయినర్ మాట ఎంత నమ్మవచ్చో ఆయనకు తెలుసు. ఆ ఎరుకే అసలు ఆస్తి. మూడు దశాబ్దాల ఉత్తరాల్లో పోగుపడినది.

రెండు వారాలు కాగానే తలుపు మూస్తారు. ఇక కొత్తవేవీ రాకూడదు, ఉన్నవాటిలో తప్పులు దిద్దాలి. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఒక పరీక్ష వెర్షన్. ఆర్‌సీ-ఒకటి, ఆర్‌సీ-రెండు అనుకుంటూ ఏడో ఎనిమిదో దాకా. ఆ వెంబడే అసలు విడుదల, మళ్లీ మర్నాడు తలుపు తెరవడం. సంక్రాంతి వచ్చినా క్రిస్మస్ వచ్చినా ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. 2024 జనవరిలో పోర్ట్‌లాండ్‌ను మంచు తుపాను కమ్మేసి కొన్ని రోజులు ఆయన ఇంటికి కరెంటూ ఇంటర్నెట్టూ లేకపోయాయి. సరిగ్గా మెర్జ్ విండో నడుస్తుండగా. ప్రపంచంలో ఎన్నో డేటా సెంటర్లను నడిపించే కెర్నల్ పని, ఒక ఇంట్లో కరెంటు పోతే ఆగిపోయింది! ఇది వార్త కూడా అయింది. వార్త అయిందంటేనే, మిగతా వారాల్లో అది ఎంత క్రమం తప్పకుండా సాగుతోందో ఆలోచించండి.

ఈ క్రమానికి ఒక కారణం ఉంది. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో అందరికీ ముందే తెలిస్తే తొక్కిసలాట ఉండదు. ఈసారి తప్పిపోతే తొమ్మిది వారాలకు మళ్లీ వస్తుంది కదా అని సగం ఉడికిన కోడ్‌ని తోసెయ్యరు. అలా తోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారనుకోండి. 2025 ఆగస్టులో తాను ప్రయాణంలో ఉంటాననీ, పంపేవి కాస్త ముందే పంపమనీ లైనస్ అందరికీ చెప్పి పెట్టారు. రిస్క్-ఫైవ్ అనే చిప్‌ల విభాగం నుంచి ఒక మూట చివరి క్షణంలో వచ్చింది. అది చెత్త, పైగా ఆలస్యం అని బహిరంగంగానే తిప్పికొట్టారు.

చెత్త అన్న మాట విన్నారు కదా. ఆయన స్వభావంలో ఈ వైపు కూడా చెప్పకపోతే ప్రసంగం భజన అయిపోతుంది. ఏళ్ల తరబడి ఆయన ఉత్తరాల్లో తిట్లు ఉండేవి. బూతులే ఉండేవి. కెర్నల్ మారినందువల్ల వాడేవాళ్ల ప్రోగ్రాములు చెడకూడదన్నది ఆయన పెట్టుకున్న మొదటి నియమం. దాన్ని ఎవరైనా మీరితే ఇక ఆ ఉత్తరం చదవలేం. నియమం మంచిదే. కోపానికి కారణమూ ఉంది. కానీ అవతల ఉన్నవాడు పనికి కొత్తవాడైతే, నలుగురిలో ఆ తిట్టు తిన్నాక మళ్లీ ఈ గుమ్మం తొక్కుతాడా? ఆ ఉత్తరాలు చదివి, అంతటి నిపుణుడికి ఈ నోరేమిటి అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. 2018 సెప్టెంబరులో ఆయనే ఆ సంగతి ఒప్పుకుంటూ ఉత్తరం రాశారు. ఎదుటివాళ్ల మనసు గ్రహించడంలో తనకు లోపం ఉందనీ, దానికి సహాయం తీసుకుంటాననీ చెప్పి కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నారు. ఆ వెర్షన్‌ని గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ అనే సీనియర్ మెయింటెయినర్ విడుదల చేశారు. ఆ రోజుల్లోనే, బూతు మాట ఉన్న ఈమెయిల్ తన కంప్యూటర్ దాటిపోకుండా జల్లెడ లాంటి ప్రోగ్రాము పెట్టుకున్నానని బీబీసీతో చెప్పారు. స్వభావాన్ని పూర్తిగా మార్చుకోలేనివాడు దాని దారికి కాపలా పెట్టుకోవడం నాకు నచ్చింది. నాలుగు మాటలు సుద్దులు చెప్పి ఊరుకునే పెద్దమనుషులకంటే నయం కదా.

ఇక ఆయన పనిచేసే గది సంగతి. ఇంత పెద్ద వ్యవస్థకు ముఖ్యకేంద్రం ఎలా ఉంటుందో అని ఊహించుకుంటే నిరాశే. ఇంట్లో ఒక గది. గోడలకు లేత ఆకుపచ్చ రంగు. గోడల మీద చూడ్డానికి ఏమీ ఉండకూడదు, చెవికి వినడానికీ ఏమీ ఉండకూడదు. 2016లో టెడ్ వేదిక మీద ఆయన చెప్పిందాన్నిబట్టి, ఆ గదిలో వినిపించాల్సింది ఒడిలో కూర్చున్న పిల్లి గుర్రు మాత్రమే. కంప్యూటర్ ఫ్యాన్ మోత కూడా పనికిరాదు. ఆ మధ్య కొన్నాళ్లు నడక యంత్రం ముందు ఎత్తు బల్ల వేసుకుని, నెమ్మదిగా నడుస్తూ ఉత్తరాలు చదివేవారు. 2014లో లినక్స్ ఫౌండేషన్ ఆ వీడియో కూడా విడుదల చేసింది. ఆ ఫౌండేషనే ఆయనకు జీతమిచ్చే సంస్థ. ఏం చెయ్యాలో మాత్రం చెప్పదు.

ఇంత నిశ్శబ్దం కోరుకునే మనిషికి కీబోర్డు దగ్గర మాత్రం చప్పుడు కావాలట. చప్పుడు లేని, పలచటి మీటల కీబోర్డుకి మారి కొన్ని నెలలు చూశారు. అక్షరదోషాలు ఎక్కువయ్యాయని 2025 మే నెలలో పాత తరహా టకటకల కీబోర్డుకే తిరిగి వెళ్లిపోయారు. ఆ సంగతీ ఆదివారం ఉత్తరంలోనే రాశారు. ఆ ఉత్తరాల్లో ఇలాంటివి దొర్లుతుంటాయి. వెర్షన్ నంబరు 19కో 20కో చేరాక పెద్ద అంకె మార్చేస్తారు. కారణం అడిగితే లెక్కపెట్టడానికి చేతివేళ్లూ కాలివేళ్లూ అయిపోయాయంటారు. 2022లో 5.19 తర్వాత 6.0 వచ్చింది అందుకే. అందులో సాంకేతిక రహస్యం వెతికినవాళ్లు వెతుకుతూనే ఉన్నారు.

వ్యాపకాల దగ్గరికి వస్తే, నాకు ఆయన జీవితంలో ఒక వరస కనిపిస్తుంది. ఆయనకు దేన్నైనా కట్టి అప్పగించేసే అలవాటుంది. మొదటిది చూడండి, 2005లో కెర్నల్ మార్పుల లెక్క చూసుకోవడానికి వాడుతున్న బిట్‌కీపర్ అనే ప్రోగ్రాము ఉచిత వాడకం ఆగిపోయింది. మార్కెట్లో ఉన్నవేవీ నచ్చక, తానే ఒకటి రాయడానికి ఏప్రిల్ 3న కూర్చున్నారు. ఏప్రిల్ 7కల్లా ఆ ప్రోగ్రాము తన కోడ్‌కి తానే లెక్క రాసుకునే స్థితికి వచ్చింది. అదే గిట్. ఇవాళ మన ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల దగ్గర్నుంచి పెద్ద కంపెనీల దాకా సాఫ్ట్‌వేర్ రాసే దాదాపు ప్రతి ఒక్కరికీ అది నిత్యావసరం. ఇంకొకరైతే దాని చుట్టూ కంపెనీ కట్టి కూర్చునేవారు. ఈయన ఆ జులైలోనే జూనియో హమానో అనే ప్రోగ్రామర్ చేతిలో పెట్టి తన కెర్నల్ దగ్గరికి వెళ్లిపోయారు. హమానో ఇప్పటికీ దాన్ని చూసుకుంటున్నారు.

రెండోది సముద్రం. లైనస్‌కి స్కూబా డైవింగ్ అంటే ప్రాణం. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని నీళ్లలోకి దిగేవాళ్లు చేతికి గడియారంలాంటి చిన్న కంప్యూటర్ పెట్టుకుంటారు. ఎంత లోతులో ఎంతసేపు ఉన్నదీ అది రాసిపెడుతుంది. ఇది షోకు కాదు. లోతుకి పోయేకొద్దీ గాలిలోని నైట్రోజన్ ఒత్తిడికి రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. గబగబా పైకి వచ్చేస్తే బుడగలు కట్టి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఆ లెక్కలు భద్రంగా దాచుకుంటారు. ఆ గడియారం నుంచి లెక్కలు తీసి చూపే మంచి ప్రోగ్రాము లినక్స్‌లో లేదని ఆయన అసంతృప్తి. 2011లో కెర్నల్ కోడ్ ఉంచే సైట్లోకి ఎవరో చొరబడ్డారు. దాన్ని శుభ్రం చేసేదాకా పని మందగించింది. ఆ ఖాళీలో సబ్‌సర్ఫేస్ అనే ప్రోగ్రాము రాసేశారు. డైవింగ్ చేసేవాళ్లు ఇవాళ్టికీ వాడుతున్నారు. దాన్నీ అప్పగించేశారు, డర్క్ హోండెల్ అనే పాత మిత్రుడికి. ఇద్దరూ కలిసే నీళ్లలోకి దిగుతుంటారు. సభల్లో ఉపన్యాసం ఇవ్వడం లైనస్‌కి గిట్టదు. ఎంత పెద్ద సభైనా ఈ హోండెల్ ఎదురుగా కూర్చుని ప్రశ్నలడుగుతారు, ఈయన జవాబులు చెబుతారు. ఏళ్లుగా అదే ఏర్పాటు.

మూడోది ఈ మధ్యది. పుట్టినరోజు డిసెంబరు 28న కాబట్టి క్రిస్మస్ కానుకా పుట్టినరోజు కానుకా ఒకేసారి వస్తాయి. రెండిటికీ లెగో బొమ్మల పెట్టెలే. పిల్లలు కట్టుకునే ఆ ప్లాస్టిక్ ముక్కల్ని యాభై దాటిన మనిషి సెలవుల్లో కూర్చుని కడతారు. 2024 చివర ఆ లెగోలు అయ్యాక గిటారు పెడళ్లు మొదలుపెట్టారు. గిటారుకీ ఆంప్లిఫయరుకీ మధ్య వైరు మీద, వాయించేవారి పాదం దగ్గర ఒక చిన్న లోహపు పెట్టె ఉంటుంది. కాలితో తొక్కితే స్వరం గరగరలాడుతుంది, లేదా గుహలోంచి వచ్చినట్టు ప్రతిధ్వనిస్తుంది. లోపల రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒకటో రెండో చిప్పులు, అంతే. విడి భాగాలు తెప్పించుకుని, సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి, వాటి కాళ్లను ఒక్కొక్కటిగా అతికించి చేయడం. నవ్వొచ్చే సంగతేమిటంటే ఆయనకు గిటారు వాయించడం రాదు. చేసిన పెడల్‌ని ఏం చేసుకోవాలో తెలియక, 2025 జనవరిలో ఆదివారం ఉత్తరంలో ఒక ప్రకటన పెట్టారు. కెర్నల్‌లో పని చేసేవాళ్లెవరైనా కావాలని రాస్తే చీటీ తీసి ఒకరికి తన చేత్తో చేసిన పెడల్ పంపిస్తానని. అది బాగుంటుందని మాత్రం హామీ ఇవ్వలేదు!

సరదాకని మొదలుపెట్టింది ఉద్యోగమైంది. ఉద్యోగమయ్యాక అందులో కోడ్ రాసే సరదా పోయి ఉత్తరాలు మిగిలాయి. అందుకే చేతులతో చేసే ఇంకో పని వెతుక్కుంటారనీ, అందులోనూ తాను కొత్తవాడిగా ఉండే పని కావాలనీ నాకనిపిస్తుంది. సోల్డరింగ్ దగ్గర ఆయన నిపుణుడు కారు. తప్పు చేస్తే ప్రపంచం ఆగదు, ఒక పెట్టె మోగదు. అంతకంటే ఏం కావాలి?

ఆ పెడళ్లు ఇప్పుడు డిజిటల్ రూపానికి వచ్చాయి. శబ్దాన్ని అంకెలుగా మార్చి, ఆ అంకెల మీద లెక్కలు కట్టి, మళ్లీ శబ్దంగా వదలడం ఎలాగో నేర్చుకుంటూ 2026 జనవరిలో ఒక చిన్న ప్రోగ్రామును అందరికీ కనపడేలా పెట్టారు. శబ్ద తరంగాల్ని బొమ్మగా చూపే భాగం పైథాన్ భాషలో ఉంది. దాన్ని తాను రాయలేదనీ, గూగుల్ వారి ఏఐ సాధనం చేత రాయించాననీ దాపరికం లేకుండా అందులోనే చెప్పారు. పైథాన్ తనకు అంతంతమాత్రం. ఇదివరకు గూగుల్లో వెతికి, ఎవరో రాసింది చూసి తాను రాసేవారు. ఇప్పుడు మధ్యవర్తిని, అంటే తనను, తప్పించానన్నది ఆయన వివరణ. దీని మీద పెద్ద చర్చే నడిచింది. లైనసే ఏఐ చేత రాయిస్తుంటే ఇక మనమెంత అని కొందరు. వాళ్లొకటి మరచిపోయారు. శబ్దాన్ని మార్చే అసలు భాగం, తాను నేర్చుకోవాలనుకున్న భాగం, సొంత చేత్తోనే రాసుకున్నారు. నేర్చుకోనక్కర్లేనిది మాత్రమే బయటికిచ్చారు.

మరి అన్నిటినీ అప్పగించిన మనిషి కెర్నల్‌ని ఎప్పుడు అప్పగిస్తారు? ఇది ఆ వర్గాల్లో చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్న. మెయింటెయినర్లలో చాలామంది తనతోపాటే తల నెరిసినవాళ్లని ఆయనే సభల్లో నవ్వుతూ అంటుంటారు. దారి చూపే దార్శనికుడని ఎవరైనా పొగడబోతే వద్దంటారు. నక్షత్రాలు చూసేవాళ్లు చూడనీ, నా కాళ్ల ముందున్న గుంత నేను పూడ్చుకుంటాను అనే ధోరణి ఆయనది. ఆ గుంతల్లో ఇదొకటి కాబట్టి కాబోలు, 2026 మొదట్లో కెర్నల్ పత్రాల్లో ఒక కొత్త పుట చేరింది. లైనస్ కోడ్‌ని ఉంచే ముఖ్య భాండాగారాన్ని నడిపేవాళ్లు ఏ కారణం చేతనైనా లేకపోతే ఏం చెయ్యాలన్నది అందులో ఉంది. 72 గంటల్లోగా ముఖ్యమైన మెయింటెయినర్లను పిలిచి చర్చ మొదలుపెట్టాలి, తర్వాతి ఏర్పాటు వాళ్లు తేల్చాలి. వారసుడి పేరు అందులో లేదు. చర్చకు ఎవరు పిలవాలో, ఎన్ని గంటల్లో పిలవాలో ఉంది, అంతే. ఆ పుట కూడా మిగతా మార్పుల దారిలోనే, నలుగురూ చదివి సవరణలు చెప్పాక, మెయింటెయినర్ల చేతులు దాటుకుంటూ వచ్చింది. దాన్ని లోపల కలిపింది లైనసే.